కింది పిడి

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడాది జరిగిందిది. అంతకుముందు వచ్చిన వరదలు వంతెన కాళ్ళు తడిపి పోయినవే. ఆ ఏటి వరద మాత్రం వంతెనను పట్టుకుపోయి, దానికి బదులన్నట్టు పై అడవుల్లోని మానుల్ని మోసుకొచ్చి ఊరి కింద ఒడ్డున గుట్టగా పడేసింది. నీళ్ళు తీశాక చూస్తే బురదలో గేదెలు పడుకున్నట్టు నల్లగా, వరసా పాడూ లేకుండా పడివున్నాయి. కలప అడితి యజమాని వాటిని వేలంలో పాడుకున్నాడు. పాడుకున్నాడు గాని మిల్లుకి ఎక్కించడానికి ధైర్యం చాలలేదు. వరద మానులో ఇసుక దూరి ఉంటుంది, గులకరాళ్ళు ఇరుక్కుని ఉంటాయి, ఎవరింటి దూలమో అయితే మేకులు కూడా ఉంటాయి. మిల్లు రంపానికి ఒక్క మేకు తగిలితే చాలు, పళ్ళన్నీ రాలి చేతికొస్తాయి. అందుకని చేతికోత వాళ్ళకి కబురుపెట్టాడు.

చేతికోత వాళ్ళంటే ఆ చుట్టుపక్కల అప్పటికి మిగిలింది ఒక్క జంట. మొగుడూ పెళ్ళామూ.

వాళ్ళ పని ఇలా ఉంటుంది. మనిషి లోతు గుంట తవ్వి దానిమీద మానుని అడ్డంగా పడుకోబెడతారు. ఆయన మాను మీద నిలబడతాడు. ఆమె గుంటలో నిలబడుతుంది. రంపం నిలువుగా ఇద్దరి మధ్య ఉంటుంది. పై పిడి ఆయనది, కింది పిడి ఆమెది. రంపాన్ని పైకెత్తి ఇవ్వడం, గీత తప్పకుండా చూసుకోవడం ఆయన పని. కిందికి లాగడం ఆమె పని. చెక్క కోసుకునేది ఆ లాగినప్పుడే. ఆమె లాగుతున్నప్పుడు ఆయన పైనుంచి తొయ్యకూడదు. సాయం చేద్దామని తోశాడా, రేకు వంగిపోతుంది, గీత పక్కకి పోతుంది, ఒక్కోసారి రంపం విరిగి కింద మనిషి మీద పడుతుంది. చిన్నప్పుడు ఒకసారి తోసినందుకు తండ్రి మెడమీద కొట్టి చెప్పాడు, "లాగేవాళ్ళని లాగనీరా. నీ చెయ్యి పిడి మీద ఊరికే ఉండాలి." బళ్ళో మూడో తరగతితో ఆగిపోయినవాడు ఈ పాఠం మాత్రం మర్చిపోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన చెయ్యి పిడి మీద ఊరికే ఉంది.

అడితిలో అందరూ ఆయన్ని మాటపొదుపు అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆయన ఏమీ అనడు కాబట్టి. ఆమె దానికి జవాబు చెప్పేది గుంటలోంచి.

"పొదుపేం కాదు, ఆయన వాటా కూడా నా నోట్లోనే ఉంది. ఇద్దరికీ నేనే మాట్లాడాలి, ఇద్దరికీ నేనే వండాలి. ఈ జన్మకి ఇంతే."

ఆమె మాట్లాడుతూనే రంపం లాగేది. తలకి గుడ్డ చుట్టుకుని, రంపపు పొట్టు కళ్ళల్లో పడకుండా రెప్పలు సగం మూసుకుని లాగేది.

మూడో మాను కోస్తున్నప్పుడు ఆయన చేతికి తేడా తెలిసింది. రంపం కిందికి దిగి దిగి, చివర్లో చిన్న తడబాటు. కళ్ళకి ఆనదు, చెవికి ఆనదు, పిడి పట్టుకున్న చేతికి మాత్రమే తెలుస్తుంది. చెక్కలో ముడి వస్తే అలా అవుతుంది. ఆయన వంగి చూశాడు. ముడి లేదు, చెక్క వెన్నలా ఉంది. తడబాటు చెక్కది కాదు, ఆమె కుడిచేతిది. అడుగుదామనుకున్నాడు. చెప్పాల్సింది ఉంటే తనే చెబుతుందిలే అనుకుని ఊరుకున్నాడు. అలా ఎనిమిది రోజులు ఊరుకున్నాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం కుళాయి దగ్గర ఆమె పిలిచింది.

"ఏమయ్యా, ఇటురా. పొట్టు కడుక్కుంటుంటే తగిలింది. ఇదిగో, ఇక్కడ."

ఆయన చెయ్యి పట్టుకుని కుడి రొమ్ము పక్కన పెట్టింది. ఆ చేతికి ముళ్ళు తెలుసు. పలకలోంచి ఊడిపడే ముడేదో, వేరుదాకా పాతుకుని కూర్చున్న ముడేదో తడిమి చెప్పగలదు. ఆయన వేలితో కదిపి చూశాడు. కదల్లేదు.

"ఎన్నాళ్ళయింది?"

"ఎన్నాళ్ళయిందో నాకేం తెలుసు, రోజూ తడుముకుంటూ కూర్చుంటానా."

"రేపు పెద్దాసుపత్రికి పోదాం."

"రేపు నాలుగో మాను ఎక్కించాలి కదా."

"పోదాం," అన్నాడు మళ్ళీ. ఆమె ఆయన ముఖం చూసి చెంబు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

పెద్దాసుపత్రి ఏటికి అవతల ఉంది. వంతెన లేదు కాబట్టి పడవ మీద వెళ్ళాలి. సూదితో గుచ్చి ముక్క తీశారు, ఫోటోలు తీశారు, మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ రమ్మన్నారు. పడవవాడికి వీళ్ళ ముఖాలు అలవాటైపోయాయి. "మీకోసం ఓ సీటు రాసి పెట్టేస్తానమ్మా," అని నవ్వేవాడు. మూడోవారం తర్వాత ఆ నవ్వు మానేశాడు. ఎవరో చెప్పి ఉంటారు.

డాక్టరమ్మ చిన్న మనిషి, గొంతు పెద్దది. కాగితం మీద బొమ్మ గీసి, పెన్నుతో చూపిస్తూ చెప్పింది.

"ఇది క్యాన్సరేనమ్మా. మరీ ముదిరిపోలేదు. రెండు దార్లున్నాయి. ఒకటి, రొమ్ము మొత్తం తీసేసి, చంకలో ఉన్న బిళ్ళలు కూడా తీసెయ్యడం. రెండోది, గడ్డ వరకే తీసి, తర్వాత కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, పాతిక రోజులు. కాని నీకు చంకలో ఒక బిళ్ళ చేతికి తగులుతోంది. ఏ దారిలో వెళ్ళినా చంక మాత్రం శుభ్రం చేయించుకోమని నా సలహా."

"చంక తీస్తే ఏమవుతుందండీ?"

"చెయ్యి వాచొచ్చు. అందరికీ వాస్తుందని కాదు. కాని బరువు పనులు, ఒకే పని రోజంతా చెయ్యడం, అవి తగ్గించుకోవాలి. నువ్వేం పని చేస్తావు?"

ఆమె చెప్పింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"ఆ పనైతే ఇంక మానుకోవాలమ్మా," అంది నెమ్మదిగా. "తొందరేం లేదు. అలాగని నెల్లాళ్ళు కూర్చోకు. ప్రతి గురువారం కింద గదిలో ఈ జబ్బు దాటినవాళ్ళు కూర్చుంటారు. వెళ్ళి మాట్లాడు. నేను చదివింది చెబుతాను, వాళ్ళు పడింది చెబుతారు."

ఆ గది ఒకప్పుడు సామాన్లు పడేసే గది. ఒక మూల పనిచెయ్యని తూకం మిషను, ఆరు కుర్చీలు, అందులో ఒకదానికి ఒక కాలి కింద ఇటుక. బయట వసారాలో పొడుగాటి బల్ల. మగవాళ్ళు ఆ బల్ల మీద కూర్చోవాలి. భార్యల సంచీలు ఒళ్ళో పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఎదురుగోడకి ఉన్న పంపు చుక్క చుక్కా కారుతుంటే అది చూస్తూ కూర్చుంటారు. ఆయన కూడా ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ చివర కూర్చున్నాడు. ఆరోజు ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచారు. మాటలన్నీ వినబడుతున్నాయి.

లోపల ముగ్గురున్నారు. ఒకావిడ పంతులమ్మ, రొమ్ము మొత్తం తీయించుకుని పదకొండేళ్ళయింది. ఒకావిడ బస్సు కండక్టరు, గడ్డ వరకే తీయించుకుని కరెంటు పెట్టించుకుంది, అయిదేళ్ళయింది. మూడో ఆవిడ ముసలామె, ఇరవై ఏళ్ళ కిందట రెండూ తీసేశారు. ఎవరేం చెప్పినా సరే అంటుందని ఆవిణ్ణి సరే అమ్మమ్మ అంటారు.

"మొత్తం తీయించేసుకో," అంది పంతులమ్మ. "మళ్ళీ మళ్ళీ భయపడే పనుండదు. ఇదిగో నా చెయ్యి చూడు, పసిపిల్ల తొడలా బొద్దుగా లేదూ. దీంతోనే ఇన్నాళ్ళూ సుద్దముక్క పట్టాను. బోర్డు మీద పై వరస రాయలేను, అంతే. పిల్లలు మా టీచరు పొట్టిది అనుకున్నారు."

"టీచరుగారు అందరికీ ఒకటే పరీక్షపేపరిస్తారు," అంది కండక్టరమ్మ. "నాకు గడ్డ ఒక్కటే తీశారు. పాతిక రోజులు కరెంటు. చర్మం కమిలింది, నీరసం వచ్చింది, పోయింది. ఇప్పుడు బస్సులో ఈ చేత్తోనే కడ్డీ పట్టుకుని నిలబడతాను, చిల్లర ఇవ్వనివాణ్ణి ఈ చేత్తోనే దించుతాను. కాని ఒకటి చెబుతా విను. నాకు చంకలో ఏమీ తగల్లేదు. నీకు తగిలిందంటున్నారు. నా కత చూసి నువ్వు లెక్క వేసుకోకు."

"నీకేమనిపిస్తే అది సరే," అంది అమ్మమ్మ. "నాకైతే రెండూ పోయాయి. దర్జీకి పని తగ్గింది, నాకు బోర్లా పడుకునే సుఖం వచ్చింది. ఈ సుఖం వీళ్ళిద్దరికీ తెలీదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వు అందరికంటే గట్టిగా వినబడింది. బయట బల్ల మీద మగవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

"మరి చెయ్యి సంగతేంటి అమ్మమ్మగారూ?"

"బరువులెత్తను. ఎత్తేవాళ్ళున్నారు కాబట్టి ఎత్తను."

"ఎత్తడం కాదండీ. లాగడం," అని ఆమె రంపం సంగతి చెప్పింది. గుంట, మాను, కింది పిడి అన్నీ చెప్పింది.

"రోజుకెన్నిసార్లు లాగుతావమ్మా?" అని పంతులమ్మ అడిగింది.

"లెక్కపెట్టుకుంటే లాగలేమండీ."

పంపు చుక్క చప్పుడు వినబడింది.

"అది మర్చిపో తల్లీ," అంది పంతులమ్మ. "చంక తీశాక ఆ చేత్తో రంపం లాగడమనేది మర్చిపో. ప్రాణం కంటే రంపం ఎక్కువా?"

ఆమె ఏమందో వినబడలేదు.

ఆ శనివారం ఆయన అడితి యజమాని దగ్గరికి వెళ్ళాడు. యజమాని గుమ్మంలో నిలబడి పలకల మీద ముద్రలు కొట్టిస్తున్నాడు.

"గేటు దగ్గర కాపలాకి మనిషి కావాలన్నారు కదా."

యజమాని ఆశ్చర్యపోయి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు. "ఎవరికి?"

"నాకే. ఆవిడ చెయ్యి పోయేట్టుంది. రంపం ఇచ్చేస్తాను."

"మరి వరద మానుల సంగతి?"

"మేకులు, రాళ్ళు నేను ఏరి ఇస్తాను. మిల్లుకి ఎక్కించుకోండి."

"ముప్ఫై ఏళ్ళు మాను మీద నిలబడ్డవాడివి, కుర్చీలో కూర్చోగలవా?"

"కూర్చుంటాను."

యజమాని సరేనన్నాడు. ఆయన గుండెల మీంచి మాను దింపుకున్నట్టు ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం బాగా తిన్నాడు. ఆమె కూడా గమనించింది. "ఇవాళేంటి, మళ్ళీ పెట్టించుకున్నావ్?" అంది. అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కాని చెబితే, చెయ్యి వదులుకో అని తోసినట్టవుతుందనిపించింది. ఒళ్ళు ఆమెది, కోత ఆమెది, ఆ పిడి ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఏ దారి పట్టుకున్నా తను సిద్ధంగా ఉన్నాడు, అది చాలనుకున్నాడు. తన చెయ్యి ఊరికే ఉండాలి.

"ఆకలేసింది," అన్నాడు.

రెండో గురువారం ఆయా వచ్చి తలుపు మూసేసింది. లోపల గుసగుసలా మాటలు, ఒకసారి పంతులమ్మ గొంతు పెద్దగా వినబడింది. ఆమె బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనకాలే కండక్టరమ్మ గుమ్మందాకా వచ్చి ఆయన వంక చూసింది, ఏదో అనబోయి ఆగి లోపలికి వెళ్ళిపోయింది.

పడవలో ఆమె అడిగింది, "నీకేమనిపిస్తోంది?"

ఆయన నీళ్ళకేసి చూశాడు. చెయ్యి పోతే పోనీ, రంపం పోతే పోనీ, నువ్వుంటే చాలు అనే మాట గొంతులోనే ఉంది. వరదకి కొట్టుకొచ్చిన మానులా అక్కడ అడ్డంగా పడివుంది.

"నువ్వే చెప్పాలి," అన్నాడు.

"నీకేం అనిపించదా అని అడుగుతున్నా."

"నాకేముంది. నువ్వెలా అంటే అలాగే."

పడవవాడు తెడ్డు వేస్తూ, వినలేదన్నట్టు అటు తిరిగాడు. ఆమె కాసేపు ఆయన్ని చూసి నవ్వింది. "పెళ్ళినాడు కూడా ఇదే మాట అన్నావు," అని చెయ్యి నీళ్ళల్లో పెట్టి, ఒడ్డు వచ్చేదాకా అలాగే ఉంచింది. కుడిచెయ్యి.

మర్నాడు డాక్టరమ్మకి తన నిర్ణయం చెప్పింది. గడ్డ వరకే తియ్యండి, కరెంటు పెట్టండి, చంక ముట్టుకోకండి.

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మళ్ళీ బొమ్మ గీసింది. చంక వదిలితే ఏమవ్వొచ్చో దాచకుండా చెప్పింది. ఆమె తల ఊపుతూ అంతా విని, మళ్ళీ అదే మాట అంది. ఇంక లాభం లేదని డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది.

"మీరేమంటారు? మీరైనా చెప్పండి."

ఆమె కూడా తిరిగి చూసింది. ఆ చూపు ఆయనకి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. అప్పుడు మాత్రం, గీత ఆమె గీసుకుంది, తను పక్కకి తొయ్యకూడదు అనుకున్నాడు.

"ఆవిడ ఇష్టమండి," అన్నాడు.

కూతురు వచ్చింది ఆపరేషనుకి. పెళ్ళయి పక్క ఊళ్ళో ఉంటుంది. తల్లిమీద కేకలేసింది, తండ్రిమీద కేకలేసింది, ఇద్దరూ మాట్లాడకపోతే వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు తోముతూ ఏడ్చింది. గడ్డ తీశారు. తర్వాత పాతిక రోజులు కరెంటు. రోజూ పడవ ఎక్కి వెళ్ళడం, రావడం. సాయంత్రాలు చర్మం మండుతుంటే తడిగుడ్డ వేసుకుని గుమ్మంలో కూర్చునేది. ఆయన పక్కన కూర్చుని ఆకురాయితో రంపం పళ్ళు రాసేవాడు, ఏం చెయ్యాలో తోచక. "అదిగో, నీ సంగీతం మొదలైంది," అనేది.

నాలుగు నెలలకి మళ్ళీ గుంటలోకి దిగింది. డాక్టరమ్మ వద్దంది, కూతురు వద్దంది. ఆమె తలకి గుడ్డ చుట్టుకుని దిగింది. మొదటి లాగుకి ఆయన కళ్ళు మూసుకున్నాడు. రంపం తడబాటు లేకుండా దిగింది. ఈ పనంటే ఆమెకి ఎంతిష్టమో అనుకున్నాడు. దీనికోసమే కదా చెయ్యి ఉంచుకుంది అనుకున్నాడు. గేటు మాట యజమానికి వద్దని చెప్పేశాడు. వరద మానులు ఒక్కొక్కటే పలకలయ్యాయి. రెండో ఏడు కూడా అలాగే గడిచింది. ఏటిలో కొత్త వంతెనకి స్తంభాలు లేస్తుంటే పని మధ్యలో ఆగి చూసేవాళ్ళు.

చివరి మాను సగం కోశాక తడబాటు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన ఆగలేదు. వెంటనే రంపం ఆపి గుంటలోకి దిగాడు.

"ఎక్కడ?"

ఆమె చెయ్యెత్తి చంక చూపించింది. వేళ్ళకి మూడు తగిలాయి.

డాక్టరమ్మ ఈసారి బొమ్మ గీయలేదు. ఫోటోలు చూసి, ఎముకల్లోకి పాకిందని చెప్పి, ఇంక కోతతో లాభం లేదంది. మందులిచ్చింది. మందులు నొప్పిని కొంచెం జోకొట్టాయి, అంతకుమించి చెయ్యలేదు. కొత్త వంతెన మీద మొదటి బస్సు నడిచిన వారంలో ఒక మధ్యాహ్నం, కూతురు తల దువ్వుతుండగా, ఆమె పోయింది. అంతకుముందు రోజు ఆయన్ని పిలిచి, "రంపానికి నూనె రాశావా? తుప్పు పడుతుంది," అంది. ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం సాయంత్రం కండక్టరమ్మ వచ్చింది. ఖాకీ బట్టలతోనే ఉంది, భుజాన టిక్కెట్ల సంచీ. బస్సు ఇప్పుడు వాళ్ళ వీధి చివర తిరుగుతుంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. లేచి పీట వేశాడు.

"వద్దులెండి బాబాయిగారూ, బస్సు బయల్దేరాలి. ఇది పంతులమ్మగారు మీకిచ్చెయ్యమన్నారు. పిన్నిగారిది. ఆ రెండో గురువారం నాటిది."

నాలుగు మడతల కాగితం. విప్పాడు. మధ్యలో నిలువుగా గీత. బళ్ళో రాసినట్టు గుండ్రటి అక్షరాలు, పంతులమ్మవి.

"ఎవరొచ్చినా టీచరుగారు ఇదే చేయిస్తారు. గీత కొట్టి, ఈ దారి మంచేంటి, ఆ దారి మంచేంటి, వాళ్ళు చెబుతుంటే రాస్తారు."

ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఎడమవైపు ఎక్కువుంది. మొత్తం తీయించుకుంటే: మళ్ళీ వచ్చే భయం తక్కువ. కరెంటు తప్పొచ్చు, పడవలో తిరగడం తప్పుతుంది. కూతురికి నిశ్చింత. బతకాలని ఉంది. నాకు ఆ గుంటలో నిలబడటం ఎప్పుడూ ఇష్టం లేదు, పొట్టు ఒంటికి పడదు.

ఆ ఆఖరి వరస ఆయన రెండుసార్లు చదివాడు.

కుడివైపు ఒక్కటే ఉంది. ఆయనకి కింది పిడి పట్టేవాళ్ళు ఎవరూ లేరు.

అడుగున, రెండు వైపులకీ కలిపి, ఒక వరస. ఇంటాయన మాట. దానికెదురుగా ఖాళీ.

"ఆ ఖాళీ నింపుకు రమ్మన్నాం," అంది కండక్టరమ్మ. "అడిగి, మర్నాడు డాక్టరమ్మ దగ్గరికెళ్ళే ముందు మాకు చెప్పమన్నాం. ఖాళీగానే ఉంచెయ్యండి అంది. ఆయనకి రంపమే ప్రాణం, నేను కడుపుతో ఉన్నప్పుడు వేరేవాడితో మూడు రోజులు కోసి, కుదరక, ఏడు నెలలు గుమ్మంలో కూర్చుని కొయ్యని రంపానికి పళ్ళు రాశాడు, ఆ మనిషిని మళ్ళీ అలా చూడలేను అంది. టీచరుగారు తిట్టారు. నేనూ తిట్టాను. మీతో చెబుదామని గుమ్మందాకా వచ్చాను ఆరోజు. పరాయి సంసారంలో నేనెందుకని ఆగిపోయాను."

ఆయన అన్నాడు, "నేను గేటు పని అడిగానమ్మా."

"ఏం గేటు?"

"అడితి గేటు. కాపలాకి. ఆవిడ చెయ్యి పోతే రంపం ఇచ్చేస్తానని చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆ గురువారానికి ముందు శనివారం."

కండక్టరమ్మ వద్దన్న పీట మీదే కూర్చుంది. "పిన్నిగారికి చెప్పారా?"

ఆయన కాగితం మడతపెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు. వీధి చివర బస్సు హారన్ మోగింది. ఆవిడ లేవలేదు. రెండోసారి మోగింది.

"ఆ ఏడు నెలలు నేను కూర్చున్నది రంపం కోసం కాదు," అన్నాడు ఆయన. "కాన్పు కష్టమవుతుందని మంత్రసాని చెప్పింది. భయమేసి ఎక్కడికీ కదల్లేదు."

మూడోసారి హారన్ మోగాక కండక్టరమ్మ లేచింది. ఎవరినైనా నోరెత్తి దించేసే మనిషి, ఏమీ అనకుండా సంచీ సర్దుకుని, ఆయన భుజం ఒకసారి ముట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గురువారం. ఆయన పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, మొదటి బస్సెక్కి కొత్త వంతెన దాటాడు. పెద్దాసుపత్రిలో కింది వసారాకి వెళ్ళి బల్ల ఆ చివర కూర్చున్నాడు. పంపు ఇంకా కారుతూనే ఉంది. గది తలుపు దగ్గరగా వేసివుంది, లోపల పంతులమ్మ గొంతు వినబడుతోంది. బల్ల మీద ఇంకొకడే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో రంగు, చొక్కా మీద సున్నం చుక్కలు. ఒళ్ళో ఆడమనిషి సంచీ.

"మీ ఆవిడ లోపలుందా?" అని ఆయన అడిగాడు.

"ఉందండి."

"నీకేమనిపిస్తోంది?"

"నాకేముందండి. తన ఇష్టం."

ఆయన కాసేపు పంపు వంక చూశాడు.

"ఇష్టం తనదే. నీకనిపించేది కూడా తన ముందు పెట్టు. పెట్టి ఊరుకో."

"లోపల అందరూ ఆడవాళ్ళండి."

"తలుపు కొట్టు."

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఏమని చెప్పనండి?"

"నాకు తెలీదు బాబూ. నేను చెప్పలేదు."

అతను ఆయన ముఖంలోకి చూశాడు. లేచాడు.

"సంచీ ఇటివ్వు," అన్నాడు ఆయన.

అతను సంచీ ఇచ్చి, వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆయన ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి రెండు చేతులా పట్టుకుని, అతను బయటికి వచ్చేదాకా కూర్చున్నాడు.